కడిగినా పోని పసుపు

ఆ మాఘమాసపు ఉదయం మద్దిలేటి వేసుకున్న లెక్క చాలా చిన్నది. తొలి బస్సులో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోవాలి, వరదరాజులుకు పసుపు కొమ్ములు చూపించాలి, ఆర్డరు ఖాయం చేసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి.

వరదరాజులు అహోబిలం ఉత్సవాలకు పూజాద్రవ్యాలు సమకూర్చే ఇంటి పెద్ద. మద్దిలేటి నాయన కాలం నుంచీ ఆ పసుపు వీళ్ళ అంగడి నుంచే పోతోంది. అందులో మిగిలేది తక్కువే. కానీ 'దేవుడికి పోయే పసుపు' అన్న పేరు ఉంది చూశారూ, ఏడాది పొడవునా మిగతా బేరాలన్నీ దాని మీదే నడుస్తాయి. ఆ పేరు పోతే అంగడికి తలుపులు మాత్రమే మిగులుతాయి. పైగా ఈ ఏడు వరదరాజులు ఇప్పటికే ఇద్దరు నంద్యాల వర్తకులను రంగు కలిపారంటూ తిప్పి పంపాడు. వాళ్ళలో రామయ్య ఒకడు. రామయ్య తూకంలో చేతివాటం చూపిస్తాడేమో గానీ రంగు కలిపే మనిషి కాదు. అదే మద్దిలేటికి అంతుబట్టలేదు.

బయలుదేరే ముందు అలవాటు ప్రకారం గుప్పెడు గొట్టం మాత్రలు మజ్జిగతో మింగాడు. అవి అజయ్ కుమార్ అనే కుర్రవాడు అంటగట్టినవి. విటమిన్లు, క్యారెట్ సారం, ఇంకా నోరు తిరగనివి చాలా ఉన్నాయన్నాడు. ఇనుముకు పట్టినట్టే ఒంటికీ లోపల తుప్పు పడుతుందట, ముసలితనమంటే అదేనట. మద్దిలేటి మాటలు నమ్మే మనిషి కాదు. అందుకని అజయ్ కుమార్ గ్లాసు నీళ్ళలో అయోడిన్ చుక్కలు వేసి నల్లబరిచి, ఒక మాత్ర పొడి అందులో కలిపాడు. కళ్ళముందే నలుపు విరిగి నీళ్ళు తేటపడ్డాయి. నమూనా నచ్చితే సరుకు నచ్చినట్టే. మద్దిలేటి పెట్టెకు పెట్టె కొనేశాడు.

సీసా మీద రోజుకొకటి అని రాసి ఉంది. కానీ గడువు తేదీ దగ్గర్లో ఉంది. గోదాములో సరుకు చావడం చూస్తూ ఊరుకునే వంశం కాదు వాళ్ళది. పూటకు గుప్పెడు చొప్పున లేపేయసాగాడు. ఆ తర్వాత అతని ఒంటి రంగు మెల్లగా మారింది. అయితే పసుపు గోదాములో యజమాని దగ్గర్నుంచి కూలీల దాకా అందరి చేతులూ పసుపే. ఇంట్లో భార్య యశోదమ్మ కూడా పట్టించుకోలేదు.

బస్సులో మిరపకాయల దళారి శాంతయ్య పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ పడగానే మద్దిలేటి ముక్కు వైపు అదేపనిగా చూశాడు.

"ఏమప్పా మద్దిలేటి, కామెర్లు పట్టినాయే నీకు?"

"పసుపు యాపారం చేసేటోని ముక్కు పసుపుగా గాక ఎట్లుంటాది? నీ కండ్లు ఎర్రగుండాయి. నేనేమన్నా అంటాండానా?"

శాంతయ్య సిరివెళ్ళలో దిగి, ఎంతైనా పాత స్నేహితుడు కదా అని యశోదమ్మకు ఫోను చేశాడు. స్నేహం అంతటితో ఆగక మార్కెట్ వీధిలో ఇంకో నలుగురికి కూడా చేశాడు.

వరదరాజులు ఇంట్లో పసుపు పరీక్షకు ఒక పద్ధతి ఉంది. కొమ్మును సానమీద అరగదీసి, అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ అరచేతికి పూసుకుంటారు. ఆరాక కుంకుడు రసంతో కడిగి చేతులు ఎండలో పెడతారు. మంచి పసుపైతే తాంబూలం నమిలేలోపు వెలిసిపోతుంది. రంగు కలిపినదైతే నిలుస్తుంది. ఇందులో దొంగతనానికి వీల్లేదు, రెండు చేతులూ ఒకే మాట చెప్పాలి. తాత ముత్తాతలు పెట్టిన పద్ధతి. మద్దిలేటికి దాని మీద ఎంత నమ్మకమంటే, దారిలోనే ఆర్డరు తాలూకు సంచులు లెక్క వేసుకున్నాడు.

వరదరాజులు ఎందుకో చేతులు ఉత్తరీయంలో దాచుకుని వచ్చాడు. ఇద్దరూ పూసుకున్నారు, కడిగారు, వాకిట్లో ఎండకు చేతులు చాచి నిలబడ్డారు. తాంబూలం నమలడం అయింది. మద్దిలేటి అరచేయి పసుపుగానే ఉంది. వరదరాజులు అరచేయి కూడా అంతే పసుపుగా ఉంది.

"మీ నాయన ఉన్నంతకాలం ఈ గడపలోకి రంగు రాలేదప్పా" అన్నాడు వరదరాజులు.

మద్దిలేటి ఇంకోసారి కడుగుతానన్నాడు. పీచుతో తోమాడు, నిమ్మచెక్కతో రుద్దాడు. చర్మం ఊడివచ్చేట్టుంది గానీ రంగు కదల్లేదు. రామయ్య తెచ్చిందీ తన చేతి మీద ఇట్లే నిలిచిందని, అతని చేయి వెలిసింది ముందే నూనె పూసుకొచ్చిన మాయేనని, నంద్యాలలో ఇక మంచి పసుపు లేదని వరదరాజులు తేల్చేశాడు.

అప్పుడే మద్దిలేటి ఫోను మోగింది. యశోదమ్మ గొంతుకు ఫోను అవసరం తక్కువ, ఆ మాటలు వాకిలంతా వినబడ్డాయి.

"నీకు కామెర్లంట, ఊరంతా చెప్పుకుంటాండారు. గోదాములో కూలోళ్ళు సంచులు ముట్టమంటాండారు. కామెర్లకు పసరు పోసే ఆయన్ని పిలిపించినా. బిరీన రా."

మద్దిలేటి బుర్ర చకచకా లెక్క కట్టింది. రంగు కలిపాడన్న మాట జన్మంతా ఉంటుంది. కామెర్లయితే పథ్యం ఉంటే పోతాయి. రెంటిలో కామెర్లే లాభం.

"అవును స్వామీ. ఇది రంగు గాదు, నాకు కామెర్లే" అన్నాడు, శుభవార్త చెప్పినట్టు.

వరదరాజులు తన అరచేతిని చూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. తనకూ అంటించావని, ఉత్సవాల ముందు తనను మంచాన పడేశావని అరిచాడు. ఆ తర్వాత అసలు సంగతి గుర్తొచ్చింది.

"కామెర్ల మనిషి ముట్టిన పసుపు దేవునికెట్లిస్తామప్పా?"

మద్దిలేటికి ఆర్డరు ఇటు నుంచీ పోయింది, అటు నుంచీ పోయింది. దానికి తోడు లేని జబ్బు ఒకటి తన నోటితోనే ఒప్పుకున్నాడు.

గోల విని వరదరాజులు భార్య ఆండాళమ్మ బయటికి వచ్చింది. ఇద్దరి మాటా విన్నది. సానమీద మిగిలిన పసుపు తీసి తన అరచేతికి పూసుకుని, ఆరాక కడిగి ఎండలో పెట్టింది. కాసేపటికి చేయి శుభ్రంగా మామూలు రంగుకు వచ్చింది.

"పసుపు బాగుండాది. మీరిద్దరే బాగలేరు" అంది.

ఆ తర్వాత ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి కాళ్ళు చాపమంది. నాలుగు అరికాళ్ళూ పసుపే.

"చేతులకంటే పూసుకున్నారు. అరికాళ్ళకెవరు పూసినారు? ఏం తింటాండారు ఇద్దరూ?"

మద్దిలేటి సంచిలోంచి సీసా తీశాడు. ప్రయాణంలో పూట తప్పకూడదని వెంట తెచ్చుకున్నాడు. దాన్ని చూడగానే వరదరాజులు ముఖం తిప్పుకున్నాడు. ఆండాళమ్మ లోపలికి వెళ్ళి, ఆవకాయ జాడీల వెనక నుంచి అలాంటిదే ఇంకో సీసా తెచ్చి పక్కన పెట్టింది. మీకొక్కరికే ఇస్తున్నానని అజయ్ కుమార్ ఇద్దరికీ చెప్పాడట.

ఆండాళమ్మ అన్న కూతురు వేదశ్రీ కర్నూలులో డాక్టరు. ఫోను కలిపితే వీడియోలో ఇద్దరి కళ్ళూ చూసింది. తెల్లగా ఉన్నాయి, కామెర్లయితే ముందు అవే మారేవంది. అయినా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోమంది. మాత్రల్లోని క్యారెట్ రంగు ఒంటికి అక్కరకు మించి చేరి చర్మంలో నిల్వపడిందని, మానేస్తే కొన్ని వారాల్లో మెల్లగా పోతుందని చెప్పింది. తుప్పు మాటకు వస్తే, కూరగాయలూ పండ్లూ తినేవాళ్ళు బాగుంటారన్నది నిజమే గానీ, అందులోని సారం మాత్ర చేసి మింగిస్తే ఆ మేలు కనబడలేదట. పొగతాగేవాళ్ళకు ఈ క్యారెట్ సారమే ఎక్కువగా ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని పెద్ద పెద్ద పరీక్షల్లో తేలిందట.

మద్దిలేటి ఊరుకోలేకపోయాడు. "నా కండ్లతో చూసినానమ్మా. నల్లనీళ్ళు తేటగయినాయి."

"గ్లాసులో అవుతాయి మామా. మీ కడుపులో అయోడిన్ నీళ్ళుండాయా?"

మద్దిలేటికి ఆ దెబ్బ వ్యాపారం తెలిసిన చోట తగిలింది. సంచి మూతి దగ్గర గుప్పెడు చూసి సంచంతా కొనే కొత్త వర్తకుణ్ణి చూసి తాను ఎన్నిసార్లు నవ్వుకున్నాడో. ఇప్పుడు సంచి కూడా చూడలేదు, పక్కన పెట్టిన గ్లాసును చూసి కొన్నాడు.

పోనీ, పరువు దక్కింది, ఆర్డరు దక్కింది అనుకుంటుండగా ఆండాళమ్మ మొగుడి వైపు తిరిగింది.

"అయితే రామయ్యదీ ఇంకొకాయనదీ కూడా మంచి పసుపే. మీ చేయి చూసి వాళ్ళను దొంగలన్నారు. ఇద్దరినీ పిలిపించండి."

వరదరాజులు అక్కడికక్కడే ఫోన్లు చేసి క్షమాపణ చెప్పుకున్నాడు. ఉత్సవాల పసుపు ఈ ఏడు ముగ్గురికీ సమంగా పంచాడు. వచ్చే ఏటి నుంచి పరీక్ష ఆండాళమ్మ చేతి మీదే జరగాలని, అంతకు ముందు అమ్మేవాడూ కొనేవాడూ అరికాళ్ళు చూపించాలని కొత్త పద్ధతి కూడా ఏర్పడింది.

తిరుగు బస్సులో మద్దిలేటి లెక్క సరిచూసుకున్నాడు. తన పసుపు మంచిదని రుజువు చేసుకోవడానికి వెళ్ళి, పోటీవాళ్ళిద్దరి పసుపూ మంచిదని రుజువు చేసి వచ్చాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది. ముందు సీటు వాళ్ళు కూడా లేచి వెనక్కి పోయారు. ఇంతలో అజయ్ కుమార్ ఫోను చేశాడు, కొత్త పెట్టె వచ్చిందట.

"మందు ఏమన్నా పని చేస్తాందా అన్నా? మార్పు కనబడతాందా?"

మద్దిలేటి చుట్టూ ఉన్న ఖాళీ సీట్లను చూశాడు.

"బస్సులో అందరికీ కనబడతాందప్పా" అన్నాడు.