గంగాప్రసాద్ గుండు

దేవుడికి మొక్కుకున్న పని జరగకపోతే మొక్కు తీర్చాలా, అక్కరలేదా? ఈ సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఒక పంతులుగారు తీర్చాలన్నారు. మరొకరు అది దేవుడికీ నీకూ మధ్య మాట అన్నారు. మస్కట్ శివారు మబేలాలో గంగాప్రసాద్‌కు జరిగింది విన్నాక నా సందేహం కొంత తగ్గింది.

గంగాప్రసాద్‌ది జగిత్యాల దగ్గరి ఊరు. మస్కట్‌లో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. 2004లో అతనూ ఒమాన్‌లోని మరికొందరు తెలుగువాళ్లూ ఒక మంచు దేశంలో స్థిరపడడానికి దరఖాస్తు పెట్టారు. అతని ఫీజు భార్య వాణి పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు. ఫీజు కట్టిన రోజే, పని అయితే కొండగట్టు అంజన్నకు తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు. నాలుగేళ్లు ఫైలు కదలలేదు. 2008లో ఆ దేశం రూలు మార్చి, ఆ కొత్త రూలు పాత దరఖాస్తులకు కూడా వర్తిస్తుందంది. అంటే వీళ్ల దరఖాస్తులు చెల్లవు. ఫీజు మాత్రం తిరిగి ఇవ్వరు.

అక్కడి వకీలు ఒకాయన ఇలా నష్టపోయిన వాళ్లందరి తరఫున ఉమ్మడి దావా వేస్తున్నాడు. ఒమాన్ నుంచి కనీసం పది మంది సంతకాలూ కొత్త ఫోటోలూ వస్తే మీ వాళ్లను కూడా చేర్చుకుంటానని గంగాప్రసాద్‌కు చెప్పాడు. అవి గురువారం సాయంత్రం కొరియర్ బండి ఎక్కాలి. బుధవారం రాత్రికి గంగాప్రసాద్ చేతిలో ఉన్నవి రెండు సంతకాలే. ఒకటి తనది, ఇంకొకటి పక్క బిల్డింగ్‌లో ఉండే ఎలక్ట్రీషియన్ మల్లేశంది.

రెండు వందల కిలోమీటర్ల అవతల బహ్లాలో సామాన్ల దుకాణం లెక్కలు చూసే ఇనాయత్‌ది కడప. మిగతావాళ్లంతా అతని మాట వింటారు. అతను ఫోన్‌లో తేల్చేశాడు. "పోయిన దుడ్లు పోయినాయి అన్నా. దానికోసరం బహ్లా నుంచి నేను రావల్లా? పెట్రోలు నువ్వు పోయిస్తావా?"

అప్పట్లో ఒమాన్‌లో గురు, శుక్రవారాలు సెలవు కదా, గురువారం పొద్దున గంగాప్రసాద్ ముందు ఫోటో పని చూద్దామనుకున్నాడు. పాత ఫోటో చూసి వాణి నవ్వింది.

"గీ ఫోటోల జుట్టు నల్లగుంది. ఇప్పుడు మీ తల జూస్తే వాళ్లు వేరే మనిషి అనుకుంటరు."

ఆ మాట మనసులో పడింది. నేరుగా గులాం నబీ సెలూన్‌కు వెళ్లి జుట్టుకూ మీసానికీ నల్లరంగు వేయించుకున్నాడు. గులాం నబీది నిజామాబాద్. మాటల్లో పడితే చేతిలో పని మరిచిపోతాడు. కడిగేసరికి జుట్టు పచ్చి తాటాకు రంగులో ఉంది. రంగు కళ్లలోకి కారి నీళ్లు ధారగా వస్తున్నాయి.

"ఫికర్ చెయ్యకు సాబ్, మొత్తం తీసేస్తా. గానీ మీసం గుడ తీస్తే మంది ఏమనుకుంటరో!"

"పచ్చమీసం కన్నా ఏమనుకున్నా నయమే. తియ్యి!"

నున్నటి గుండు, మీసం లేని మొహం, ఎర్రటి కళ్లు. గంగాప్రసాద్ అలా బయటికి వచ్చేసరికి మల్లేశం ఎదురయ్యాడు. మనవాళ్లలో కొడుకు ఇలా ఎప్పుడు కనిపిస్తాడో మల్లేశానికి తెలుసు. అలాంటప్పుడు ఎవరూ వివరాలు అడగరు. అతను గంగాప్రసాద్‌ను కౌగిలించుకుని ఏడ్చేశాడు.

మల్లేశం ఉద్యోగం పోయిందేమోనని గంగాప్రసాద్ భయపడ్డాడు. "ధైర్యంగుండు తమ్మీ. అందరికీ ఉండేదే" అని వీపు నిమిరి, ఫోటో తీయించుకోవడానికి స్టూడియోకు వెళ్లిపోయాడు.

"తండ్రి పోయినా నాకే ధైర్యం చెప్పిండు. గసొంటి మనిషి!" అని మల్లేశం కళ్లు తుడుచుకుని, ఫీజు పోయిన మిగతావాళ్లుండే బహ్లాకూ బురైమికీ సోహార్‌కూ, చివరికి జగిత్యాలలో తన బావమరిదికీ ఫోన్లు చేశాడు.

ఇంట్లో వాణి పూరీలు వేయిస్తోంది. కింది వాటాలో ఉండే కాశమ్మ గోదావరి మనిషి, ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుంది. ఆమె గబగబా వచ్చి స్టవ్ ఆపేసింది.

"ఈయాల ఈ ఇంట్లో పొయ్యి ఎలిగించకూడదమ్మా. అన్నం నేనట్టుకొస్తానుగా" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్లిపోయింది.

గ్యాస్ లీకైందని వాణికి అర్థమైంది. కిటికీలన్నీ తెరిచింది. మెట్లమీద నిలబడి అందరినీ బయటికి రమ్మని కేకలేసింది. బిల్డింగ్ మొత్తం రోడ్డు మీదికి వచ్చింది. అప్పటికే మల్లేశం వార్త విన్న వాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు.

అంతలో గంగాప్రసాద్ వచ్చాడు. గుండు చూడగానే వాణి గుండె జారిపోయింది. ఊరి నుంచి ఫోన్ వస్తే తనకు చెప్పకుండా దాచాడనుకుంది.

"అయ్యో మామా!" అని కూలబడింది.

తాను బయటికి వెళ్లినప్పుడు ఫోన్ వచ్చి ఉంటుందని గంగాప్రసాద్ అనుకున్నాడు. లేకపోతే ఇంతమంది ఎందుకు నిలబడతారు? "బాపూ!" అంటూ పక్కనే కూలబడ్డాడు. ఊరికి ఫోన్ చేస్తే లైన్ ఎంతకీ కలవలేదు. ఆ గుండు తానే చేయించుకున్న సంగతి కూడా ఆ దుఃఖంలో అతనికి గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం దాటేసరికి కార్లు దిగాయి. అందరికన్నా ముందు ఇనాయత్, డిక్కీలో అన్నం గిన్నెతో. బురైమి నుంచి ఇద్దరు, సోహార్ నుంచి కొందరు. ఫీజు పోగొట్టుకున్న వాళ్లందరూ గంగాప్రసాద్ హాలులో చాప మీద కూర్చున్నారు.

"పొద్దున్నే నాయన లేని పిల్లోడివైపోతివి. నిన్న నీతో అట్లా మాట్లాడినా. తప్పు నాదే అన్నా" అని ఇనాయత్ చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. మల్లేశం అందరికీ వినపడాలని స్పీకర్ నొక్కాడు.

"అరేయ్ గంగా! నేను సచ్చిపోయిన్నట! నాకు గుడ చెప్పలే! మంది పూలదండలు వట్టుకొని వచ్చిన్రు, నేనేమో బువ్వ తింటున్న. ఎవడ్రా చెప్పింది?"

అది భూమయ్య గొంతు, పోయాడనుకున్న తండ్రిది. గంగాప్రసాద్ లేచి నిలబడి, కూర్చుని, మళ్లీ నిలబడ్డాడు. తరువాత రంగు సంగతీ గులాం నబీ సంగతీ చెప్పాడు. అందరూ మల్లేశం వైపు చూశారు. మల్లేశం చాప వైపు చూశాడు.

ఇనాయత్ మొహం ఎర్రబడింది. "ఇంత దూరం ఒక జుట్టురంగు కోసరం వస్తిమా? లేయండి, పోదాం!"

ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుంటున్నారు. గంగాప్రసాద్ గడియారం చూశాడు, కొరియర్ ఆఫీసు ఇంకా తెరిచే ఉంటుంది. కానీ అడగడానికి అతనికి మొహం చెల్లలేదు. వాణి నోరు తెరిచింది.

"మామా, వీళ్లందరు ఫీజు వాపసు కేసుల సంతకాలు వెట్టాలె. వెట్టకుండనే వోతున్రు."

"జర ఆగుండ్రి బిడ్డా!" ఫోన్ అరిచింది. "నేను సచ్చిన్నంటే అంత దూరంకెల్లి ఉరికొచ్చిన్రు. బతికున్నంటే ఒక్క సంతకం వెట్టరా?"

ముందు నవ్వింది ఇనాయత్. "నీ నాయన పెద్ద వకీలప్పా! ఏడుంది ఆ కాగితం?" అని చెప్పులు విడిచాడు. తరువాత అన్నం గిన్నె తెరిచారు. ఫోటోల కోసం తలా ఒకసారి స్టూడియోకు పరిగెత్తారు. కాశమ్మ స్టవ్ వెలిగించి చాయ్ పెట్టింది. పది మందికి ఒకరు ఎక్కువే అయ్యారు. కవరు కొరియర్ బండి ఎక్కింది. గంగాప్రసాద్ ఫోటో గుండుతోనే వెళ్లింది, ఎవరూ ఏమీ అడగలేదు.

మరుసటి ఏడాది తీర్పు వచ్చింది. రూలు మార్చుకోవచ్చు, వెనకటి వాళ్ల ఫీజు మాత్రం తిరిగి ఇవ్వాలి అన్నారు. డబ్బు వచ్చిన రోజు గంగాప్రసాద్ ఆలోచనలో పడ్డాడు.

"వీసా రాలే, ఫీజు వచ్చింది. సగం పనే అయింది. అంజన్నకు అరగుండు ఇయ్యాల్నా? పోయినేడాది గుండు చేసుకుంటి గద, అది జమైతదా?"

"రంగు చెడితే తీసిన జుట్టు దేవుని లెక్కల వడది" అంది వాణి. "వాళ్లు ముందే ఫీజు తీస్కొని పని చెయ్యలే. అంజన్న ఒక్క పైస తీస్కోకుండ అందర్ని మన చాప మీద కూసోవెట్టిండు. మీకు లెక్కలు గావాల్నా?"

సెలవులో ఇద్దరూ కొండగట్టు వెళ్లారు. భూమయ్య దగ్గరుండి కొడుక్కి గుండు గీయించాడు. అయిదేళ్ల మొక్కు తీరింది.

మబేలా తిరిగొచ్చిన రోజు వాణి పాయసం వండుతుంటే కాశమ్మ పలకరించడానికి వచ్చింది, గంగాప్రసాద్ తల చూసింది, తిన్నగా వెళ్లి స్టవ్ ఆపేసింది.