తెల్లబోయిన చేపలు

ఆ సోమవారం ఉదయం రంగుల మేస్త్రి పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆరింటికి దుకాణం వెనక తలుపు తీయాలి. షావుకారు గదిలో గాజుతొట్టిలో ఉన్న పన్నెండు చేపలకు చిటికెడు మేత వేయాలి. ఇంటికి వెళ్ళి కాఫీ తాగి, తొమ్మిదింటికి మళ్ళీ రావాలి. చుట్టాలింట్లో ఏదో పని పడిందని చెప్పి షావుకారు వారం రోజులు ఊరెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ తాళాలు మేస్త్రి చేతిలో పెట్టాడు.

"చేపలు జాగ్రత్త మేస్త్రీ. అద్దం మీద వేలితో కొట్టకు. మేత ఎక్కువెయ్యకు. ఇంకా... సరేలే, అంతే."

ఆ "ఇంకా" తర్వాత ఏముందో అడిగి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. కానీ పెద్దవాళ్ళు మింగిన మాటను కక్కించే అలవాటు మేస్త్రికి లేదు.

ఈ మేస్త్రి గోడలకు రంగు వేసేవాడు కాదు, దుకాణంలో రంగులు కలిపేవాడు. గుడ్డముక్క, ఎండుటాకు, పాత తలుపు చెక్క, ఏది తెచ్చి చూపించినా ఒక్కసారి కళ్ళు చికిలించి చూసి, అదే రంగును డబ్బాలో దించేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క డబ్బా వెనక్కి రాలేదు. అతనికి పెద్ద చదువు లేదు, వెనక ఆస్తి లేదు. ఉన్నదల్లా ఆ కన్ను. ఇల్లు గడిచేది దాని మీదే.

షావుకారు గదికి కిటికీ లేదు. బయట తెల్లారినా లోపల కాటుక చీకటి. ఆ చీకట్లో తొట్టి మోటారు మాత్రం ఎవరో గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తున్నట్టు గుడగుడమంటోంది. మేస్త్రి తడుముకుంటూ వెళ్ళి తొట్టి మీది లైటు వేశాడు. వేసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

పన్నెండు చేపలూ నీళ్ళలో కదలకుండా నిలబడి ఉన్నాయి. నిన్న సాయంత్రం ఒక్కొక్కదానికీ నడుమున నీలిగీత, దాని కింద తోక దాకా ఎర్రగీత ధగధగలాడాయి. ఇప్పుడు ఒంటి మీద రంగన్నది చుక్క కూడా లేదు. పాలిపోయిన పన్నెండు ఆకారాలు, అన్నీ తలుపు వైపే మొహాలు పెట్టి, అతని కోసమే కాచుకుని ఉన్నట్టున్నాయి. చచ్చాయేమో అనుకుందామంటే తేలలేదు, మొప్పలు ఆడుతూనే ఉన్నాయి. మేత వేస్తే ఒక్కటీ నోరు తెరవలేదు. అద్దంలో వాటి మధ్య పదమూడో మొహం ఒకటి తెల్లగా కనిపించింది. అది తనదేనని తెలుసుకోవడానికి మేస్త్రికి కాస్త సమయం పట్టింది.

అతను ఉన్నపళాన పరుగెత్తి, వీధి చివర టీ తాగుతున్న బావమరిదిని గ్లాసుతో సహా లాక్కొచ్చాడు. ఆ బావమరిది అదే దుకాణంలో డబ్బాలు మోసే పని చేస్తాడు. ఇద్దరూ వచ్చేసరికి చేపలు ఎర్రగా, నీలంగా, ఒకదాన్నొకటి తరుముకుంటూ మేత తింటున్నాయి.

"ఏవి బావా తెల్లచేపలు?"

"ఇప్పుడే ఉన్నాయిరా. నా కళ్ళతో చూశాను."

బావమరిది చేపల్ని వదిలేసి ఆ కళ్ళకేసి చూశాడు.

మంగళవారమూ అంతే. ఈసారి మేస్త్రి వీధిలోకి వచ్చి నిలబడి భార్యకు ఫోను చేశాడు. పాపం, ఆవిడ సగం దువ్విన జడతో పరుగున వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. తొట్టిలో రంగులు కన్నుల పండుగగా ఉన్నాయి. ఆవిడ మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కొంగు అతని ముందు పరిచింది.

"ఇదేం రంగో చెప్పండి."

"ముదురాకుపచ్చ. చిటికెడు నలుపు, రవ్వంత పసుపు. అంచు దగ్గర ఉతుకుల్లో వెలిసింది."

"కన్ను బాగానే ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా చీర చూశారు," అంది ఆవిడ. అని నవ్వబోయి, అతను మళ్ళీ తొట్టికేసి తిరగడం చూసి మానుకుంది. బయటికి వెళ్తూ తమ్ముణ్ణి పక్కకు పిలిచింది. "మీ బావ ఏమన్నా ఎదురు చెప్పకు. అవునను, అంతే. మనసు చెదిరినవాళ్ళతో వాదించకూడదు."

ఆ ఒక్క సలహాయే కొంప ముంచింది.

బుధవారం మేస్త్రి రంగుల కార్డు పట్టుకెళ్ళి అద్దానికి ఆనించి చూశాడు. మూడువందల అరవై రంగుల్లో ఆ చేపలకు సరిపోయింది ఒక్కటే, చివరి వరసలో ఎవరూ కొనని బూడిద తెలుపు. గబగబా లైటార్పి బయటపడ్డాడు. చేపల్లో దయ్యమైనా ఉండాలి, తన కంట్లో జబ్బయినా ఉండాలి. దయ్యమైతే బాగుండునని అతను మనస్ఫూర్తిగా కోరుకున్నాడు. దయ్యంతో ఎలాగో వేగవచ్చు, కన్ను పోతే రేపు పొయ్యిలో పిల్లి లేవదు.

ఆ పూటే పళ్ళ డాక్టరు వచ్చాడు. కట్టుడు పళ్ళ నమూనా ఒకటి బల్లమీద పెట్టాడు.

"మా వెయిటింగు రూముకి ఈ చిగుళ్ళ రంగు కావాలి. ఆరోగ్యంగా ఉన్న చిగుళ్ళు, లేత గులాబీ. చూడగానే పేషెంటుకి ధైర్యం రావాలి. రేపు సెలవు, రేపే వేయించేస్తాను."

మేస్త్రి ఆ చిగుళ్ళను చాలాసేపు చూశాడు. ఎదురుగా అవి లేత గులాబీగానే ఉన్నాయి. కానీ అతని కంటికి ఎర్రచేపలే తెల్లగా కనబడుతున్నాయి. అలాంటి కంటికి ఇవి గులాబీగా కనబడితే, అసలు ఎంత ఎర్రగా ఉండాలి? భయానికి లెక్కలు రావు. డబ్బాలో తన కన్ను చెప్పిన ఎరుపు పోశాడు. కన్ను చెప్పని ఎరుపు కూడా పోశాడు. ఎందుకైనా మంచిదని ఇంకో గరిటెడు పోశాడు.

"ఎలా ఉందిరా? నమూనాకి సరిపోయిందా?"

బావమరిది చిగుళ్ళనీ డబ్బానీ మార్చి మార్చి చూశాడు. అక్క మాట గుర్తొచ్చింది.

"అచ్చం అదే బావా!"

గురువారం ఆ రంగు గోడలెక్కింది. శుక్రవారం పేషెంట్లు వచ్చారు. పంటి నొప్పితో మొదట వచ్చిన పెద్దాయన తలుపు తీసి, నాలుగు గోడలూ చూసి, నొప్పి తగ్గిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినావిడ లోపల ఏం జరిగిందో కనుక్కోమని పోలీసులకు ఫోను చేసింది. డాక్టరు రోజంతా దుకాణానికి ఫోను చేస్తూనే ఉన్నాడు. మేస్త్రి తీయలేదు. ఇరవై రెండేళ్ళ తర్వాత ఒక డబ్బా తిరిగొస్తోందని ఆ మోత వింటేనే అతనికి తెలిసిపోయింది.

ఆ రాత్రి అతనికి కంటిమీద కునుకు లేదు. శనివారం ఆరింటికి వెళ్ళి, లైటు వేయకుండా చీకట్లో తొట్టి పక్కనే కూర్చున్నాడు. షావుకారు రాగానే తాళాలు ఇచ్చేసి, నా కన్ను పోయిందండీ అని చెప్పి వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాడు. మోటారు గుడగుడమంటూనే ఉంది. చీకట్లో పన్నెండు జతల కళ్ళు తన వీపు మీదే ఉన్నాయనిపించింది.

తలుపు కిర్రుమంది. ఎవరో తడుముకుంటూ వచ్చి లైటు వేశారు. చూస్తే షావుకారు, ఒకరోజు ముందే దిగాడు. మేస్త్రిని చూసి కెవ్వుమనబోయి పెద్దరికం కొద్దీ దగ్గుగా మార్చుకున్నాడు. తర్వాత ఇద్దరూ తొట్టికేసి చూశారు. తెల్లగా, కదలకుండా, పన్నెండూ వీళ్ళనే చూస్తున్నాయి.

"చేపలు..." అన్నాడు షావుకారు జాగ్రత్తగా, "మంచి రంగులో ఉన్నాయి కదూ?"

"బ్రహ్మాండంగా ఉన్నాయండీ," అన్నాడు మేస్త్రి.

"ఎరుపు బాగా తెలుస్తోంది."

"నీలం కూడానండీ."

అబద్ధం చెప్పడం చేతకాని మేస్త్రి ముందుగా కూలబడ్డాడు. "నాకు తెల్లగా కనిపిస్తున్నాయండీ! వారం నుంచీ ఇంతే. నా కన్ను పోయింది. డాక్టరు గారి గోడలు పాడు చేశాను. నన్ను పంపించెయ్యండి."

షావుకారు మెల్లగా వచ్చి పక్కన కూర్చుని, మేస్త్రి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నీకూనా? ఒరే నాయనా, నీకూ తెల్లగానే ఉన్నాయా! చుట్టాలూ లేరు, పనీ లేదయ్యా. నెల్లాళ్ళ నుంచి పొద్దున్నే ఇలా కనబడుతుంటే భయపడి కంటాసుపత్రికి పోయొచ్చాను. రంగుల కొట్టువాడికి రంగు కనబడటం లేదని ఎవరితో చెప్పుకోను?"

ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కష్టసుఖాలు చెప్పుకుంటూ అక్కడే పావుగంట కూర్చుండిపోయారు. పొద్దున్నే లైటు వేశాక ఆ గదిలో వాళ్ళిద్దరిలో ఎవరైనా అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి. వాళ్ళు చూస్తుండగానే ఒక చేప నడుమున సన్నని నీలం మెరిసింది. తర్వాత దాని కింద ఎరుపు పాకింది. ఒకదాని తర్వాత ఒకటి పన్నెండూ వెలిగాయి. ఇద్దరూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

దుకాణం ఊడ్చే పెద్దమ్మ చీపురుతో లోపలికి వచ్చింది.

"ఏంటయ్యా అలా చూస్తున్నారు? అవి రోజూ అంతేగా. చీకట్లో పాలిపోతాయి, లైటేసిన కాసేపటికి రంగొస్తుంది. నిద్ర లేవగానే ఎవరి మొహం మాత్రం కళగా ఉంటుంది?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"రంగులు తెలిసినోళ్ళు మీరు. మీకు నేను చెప్పేదేంటి? కాళ్ళు తియ్యండి."

మేస్త్రి కాళ్ళు తీశాడు. గుండెల మీది బరువు దిగిపోయి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వారమంతా అతని కన్ను నిజమే చెప్పింది. అతను దాని మాట విననిది ఒక్కసారే, ఆ ఒక్కసారికే డబ్బా తిరిగొచ్చింది.

అప్పుడే ముందు షట్టరు దడదడలాడింది. కట్టుడు పళ్ళు ఒక చేత్తో, ఎర్రడబ్బా ఇంకో చేత్తో పట్టుకుని డాక్టరు నిప్పులు కక్కుతున్నాడు. "గులాబీ అడిగితే నెత్తురు పోస్తారా?"

మేస్త్రి చేతులు జోడించి, తప్పు తనదేనని, ఇవాళే సరైన రంగు కలిపి తానే దగ్గరుండి వేయిస్తానని చెప్పబోయాడు. షావుకారు అతన్ని వారించాడు. కళ్ళు రెండూ తిరిగి దొరికిన సంతోషంలో ఆయనకు ఒళ్ళు తెలియడం లేదు.

"కంగారు పడకండి డాక్టరు గారూ. లైటేసి ఓ పావుగంట చూడండి, అదే మారుతుంది."

ఆయన ఎంత ధీమాగా చెప్పాడంటే డాక్టరు నిజంగానే వెళ్ళి, లైటు వేసుకుని, గోడకెదురుగా పావుగంట కూర్చున్నాడు. కానీ గోడకు నిద్ర లేవడం రాదు.