ప్రముఖుల వరస

శివారు కాలనీ కతోలిక సమాధుల తోటలో ఫలానా ఆదివారం ఉదయం తొమ్మిది గంటల నుంచి పన్నెండుమంది ప్రముఖులు విశ్రమిస్తున్నారని తెలియజేయడానికి సమాధుల తోట అభివృద్ధి కమిటీ ఎంతో సంతోషించింది. శనివారం సాయంత్రం వరకు అక్కడ ప్రముఖులు ఒక్కరు కూడా లేరు. ఈ మధ్యలో ఎవరూ చనిపోలేదు. పాఠకులు లోకం చూసినవాళ్ళు కాబట్టి ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదని ఈపాటికే గ్రహించి ఉంటారు.

దీనికంతటికీ కారణం పక్క కాలనీ. కమిటీ అధ్యక్షులవారు అక్కడికి ఒకరి అంత్యక్రియలకు వెళ్ళారు. తూనికలు కొలతల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి కనక, ఏది చూసినా మనసులో త్రాసు పెట్టి తూచకుండా ఉండలేరు. అక్కడి తోట గేటు పక్కన నల్లరాతి పలక మీద "ఇచట నిద్రించుచున్న ప్రముఖులు" అని చెక్కించి, కింద తొమ్మిది పేర్లు వేశారు. అందులో ఒక ఫుట్‌బాల్ ఆటగాడు, ఒక న్యాయమూర్తి, ఏదో వంతెన కట్టిన ఒక ఇంజినీరు ఉన్నారు. అధ్యక్షులవారు శవపేటిక వైపు ఒక్కసారి కూడా చూడకుండా ఆ పలకనే మూడుసార్లు చదివి, ఇంటికొచ్చి, భోజనం సహించక మంచినీళ్ళు తాగి పడుకున్నారు.

మరుసటి ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఆయన మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! మన తోటలో నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు. అంతమందిలో ఒక్క ప్రముఖుడూ లేడంటే అది పోయినవాళ్ళ తప్పు కాదు, ఉన్న మన చేతకానితనం! వాళ్ళు తొమ్మిదిమందిని చూపిస్తే మనం పన్నెండుమందిని చూపించలేమా?"

పన్నెండు అపొస్తలుల సంఖ్య. దాన్ని తగ్గించమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోవడంతో తీర్మానం ఏకగ్రీవమైంది. ఆ వారమే రాయి కూడా వచ్చేసింది. పైన శీర్షిక, కింద ఒకటి నుంచి పన్నెండు వరకు అంకెలు, ప్రతి అంకె పక్కన నున్నగా ఖాళీ. ఇక చేయవలసిన చిన్న పనల్లా ఆ ఖాళీల్లోకి మనుషుల్ని వెతకడమే.

అందుకు గడ్డపార బాబాయిని పిలిచారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ తోటకి కాపలాదారు, తోటమాలి, గోతులు తవ్వే మనిషి అన్నీ అతనే. ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరి పక్కన ఎవరు పడుకోవడానికి పేచీ పెట్టారో రిజిస్టరు చూడకుండా చెప్పగలడు. ఏటా మృతుల స్మరణ దినం మర్నాడు సమాధుల మీద గడ్డకట్టిన కొవ్వొత్తుల మైనాన్ని రేకు ముక్కతో గీకేది కూడా అతనే. కాబట్టి ఎవరిని ఎవరు తలుచుకుంటున్నారో కూడా అతనికే తెలుసు.

"ఏమయ్యా, వీళ్ళలో గొప్పవాళ్ళెవరు?" అని అడిగారు అధ్యక్షులవారు.

బాబాయి బుర్ర గోక్కున్నాడు. "గొప్పంటే ఏముందండీ, అందరూ పడుకునే ఉన్నారు. గోతులైతే అందరివీ ఆరడుగులే."

ఈ సమాచారం కమిటీకి ఉపయోగపడలేదు. ప్రముఖుల అన్వేషణ ఉపసంఘం ఇంటింటికీ తిరిగి, పదకొండు రోజుల్లో పని పూర్తిచేసింది. మొదటి ప్రముఖుడు, ఒక రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒక మహానాయకుడితో చేయి కలిపినాయన. నాయకుడు ఆయన్ని ఇంకెవరో అనుకున్నాడన్నది నిజమే గానీ, కలిపిన చేయి మటుకు ఇక్కడే ఉంది. రెండో ఆయన, కాలనీలో మొట్టమొదటి లిఫ్టులో మొట్టమొదట ఇరుక్కుపోయిన మనిషి. మూడో ఆయన ప్రఖ్యాత సినిమా నటుడి పన్ను పీకిన దంతవైద్యుడు. అది పుచ్చిన పన్ను కాదనీ, పక్కదనీ కొందరు చెవులు కొరుక్కున్నారు. అయినా నటుడు ప్రఖ్యాతుడే కదా. నాలుగో ఆయన మహాకవి. ఆయన అచ్చు వేయించిన రెండు పుస్తకాలూ ఈ కాలనీలో ప్రతి ఇంటి అటక మీదా ఉన్నాయి, ఇంతటి ప్రచారం ఏ కవికి దక్కింది? ఐదో ఆయన గుడిలో నలభై ఏళ్ళు హార్మోనియం వాయించిన విద్వాంసుడు. పెళ్ళికీ చావుకీ ఒకే పాట వాయించి, జీవితాన్ని సమదృష్టితో చూడాలని కాలనీకి నేర్పిన తాత్వికుడు కూడా. పంతొమ్మిదిసార్లు బదిలీ అయిన అధికారి ఆరో స్థానంలోకి వచ్చాడు. ఆయన వెళ్ళిపోయినందుకు పంతొమ్మిది ఊళ్ళు సంబరాలు చేసుకున్నాయట. మిగతా ఆరుగురి గొప్పతనం కూడా ఇదే స్థాయిది.

పేర్లు చెక్కడం అయ్యాక అధ్యక్షులవారికి మరో సంగతి తట్టింది. ప్రముఖులు తోటంతా చెదిరి ఉంటే చూడవచ్చినవాళ్ళ కాళ్ళు నొప్పులు పుట్టవా? గేటుకెదురుగా ఉన్న మొదటి వరసని "ప్రముఖుల వరస"గా ప్రకటించి, అందులో ఉన్న అప్రముఖుల్ని వెనక గోడ దగ్గర ఎండుటాకుల గుంట పక్కకి సగౌరవంగా జరపాలని తీర్మానించారు.

బాబాయి గుండెల్లో రాయి పడింది. మొదటి వరసలో మూడో సమాధి అతని భార్యది.

ఆమె గుడి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. రోజూ సాయంత్రం నాలుగింటికి టీ ఫ్లాస్కు పట్టుకుని తోటకి వచ్చి, అతను తవ్విన గొయ్యి అంచు వంకరగా ఉందని దెప్పేది. వచ్చేపోయేవాళ్ళని చూడకపోతే ఆమెకి తోచదు. అందుకే నాలుగేళ్ళ కిందట ఆమె పోయినప్పుడు, గేటు ముందు వరసలో రాతినేల అని ఎవరూ ముట్టని చోట బాబాయి రెండు రోజులు ఒక్కడే తవ్వి, ఆమెని అక్కడ పడుకోబెట్టాడు. పక్కన తనకి సరిపడా చోటు వదిలాడు. ఇప్పటికీ నాలుగింటికి ఫ్లాస్కుతో వచ్చి ఆ ఖాళీలో కూర్చుని, ఆ రోజు ఏం జరిగిందో ఆమెకి చెబుతాడు. ఆమె లేకపోవడం అతనికి ఇంకా అలవాటు కాలేదు.

ఉత్తర్వు రెండు ప్రతుల్లో వచ్చింది. ఒకటి తోట కాపలాదారుకి: ఫలానా సమాధిని తవ్వి వెనక్కి మార్చవలెను. రెండోది మృతురాలి బంధువుకి: అభ్యంతరమున్నచో ఏడు రోజుల్లో తోట కాపలాదారుకి సమర్పించవలెను. బాబాయి రెండిటికీ సంతకం పెట్టి తీసుకున్నాడు. అభ్యంతరం రాసి, తనకి తానే ఇచ్చుకుని, అందినట్టు రసీదు కూడా రాసుకుని, పరిశీలన నిమిత్తం తన దగ్గరే ఉంచుకున్నాడు. పరిశీలన నెలల తరబడి సాగింది. ఎప్పుడడిగినా "ఇంకా చూస్తున్నానండీ, తొందరపడితే అన్యాయం జరుగుద్ది" అని నీళ్ళు నమిలేవాడు.

ఈలోగా కాలనీ భగ్గుమంది. లిఫ్టులో ఇరుక్కున్నవాడు ప్రముఖుడైతే, ఆ లిఫ్టు తలుపు బద్దలుకొట్టిన మా నాన్న ఏమయ్యాడని ఒకామె గుడి మెట్ల మీద బైఠాయించింది. తొమ్మిదేళ్ళుగా ఒక్క కొవ్వొత్తి మైనం కూడా పడని సమాధుల మీదికి మనవలు ముగ్గురేసి వచ్చి, తాతగారి ఘనత గురించి కరపత్రాలు పంచారు. మా అత్తగారిలా తుమ్మినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని ఒక కోడలు రాసిచ్చింది. బతికున్నన్నాళ్ళూ ఆమెకి అత్తగారి మీద అంత గౌరవం ఉన్నట్టు ఎవరికీ తెలియదు. కమిటీ తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి తోట ప్రహరీ చుట్టూ నల్లరాయి తాపడం చేయించి, వచ్చిన దరఖాస్తులన్నీ ఆమోదించారు. ఏడాది తిరిగేసరికి ప్రముఖుల సంఖ్య నాలుగు వందల పదకొండుకి చేరింది.

మిగిలింది ఒక్కరు.

"ఏదో ఒకటి రాయించవయ్యా," అన్నారు అధ్యక్షులవారు, కాస్త మెత్తబడి. "ప్రముఖ ఇస్త్రీకారిణి అందామా? ప్రముఖ గృహిణి అందామా? బిషప్ గారు ఆవిష్కరణకి వస్తున్నారు. మొత్తం తోటలో ఒక్క మనిషి ఉత్తగా పడుకుని ఉంటే బావుంటుందా చెప్పు?"

బాబాయి ఆ సాయంత్రం ఫ్లాస్కు మూత తీయకుండా చాలాసేపు ఆమె పక్కన కూర్చున్నాడు. ప్రముఖ అనే మాట ఆమె పేరుకి ముందు పెట్టి చూసుకున్నాడు. ఆమె నడుం మీద చేయి పెట్టుకుని, "సిగ్గులేదూ, ఎవరైనా నవ్విపోతారు" అన్నట్టే అనిపించింది. మర్నాడు వెళ్ళి చెప్పేశాడు.

"రాయడానికి ఏం లేదండీ. మంచిదే. నోరు కొంచెం ఎక్కువ. నాకు కావాల్సిన మనిషి. అంతేనండీ."

"అయితే బిషప్ గారు వచ్చేలోపు వెనక్కి మార్చెయ్," అని అధ్యక్షులవారు తేల్చేశారు. మొదటి వారం బాబాయి గడ్డపార కర్ర విరిగింది. రెండో వారం నడుం పట్టేసింది. మూడో వారం బిషప్ గారు వచ్చేశారు.

బిషప్ గారు పెద్దవారు, మోకాళ్ళ నొప్పులున్నవారు. ప్రహరీ చుట్టూ నడుస్తూ ఘనతలన్నీ చదువుకుంటూ పోయారు. ప్రముఖ పొదుపరి. ప్రముఖ వేకువనే లేచువారు. ప్రముఖ అల్లుడు. రెండు వందలు దాటాక ఆయనకి ఆయాసం వచ్చింది. మూడు వందలు దాటాక కళ్ళు తిరిగాయి. ఒక కుర్చీ వేయించుకుని కూలబడి, నుదురు తుడుచుకుంటూ అడిగారు.

"నాయనా, మామూలు మనుషులెవరూ చనిపోలేదా మీ ఊళ్ళో?"

కమిటీ సభ్యులు ఒకరి వెనక ఒకరు నక్కారు. అధ్యక్షులవారు మాత్రం ముప్పై ఏళ్ళు సర్కారు కొలువు చేసిన మనిషి, క్షణంలో తేరుకున్నారు.

"ఉన్నారు ప్రభూ! ఒకరున్నారు! ప్రత్యేకంగా అట్టిపెట్టాం!"

బిషప్ గారు బాబాయి భార్య సమాధి దగ్గర నొప్పి మోకాళ్ళతోనే మోకరించి, కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు. ఆ ఫొటో మర్నాటి పేపర్లో వచ్చింది. ఆ మర్నాడే ఉత్తర్వు రద్దయి, సమాధి చుట్టూ ఇత్తడి కడ్డీలు, గేటు దగ్గర "సామాన్యురాలి సమాధికి దారి" అని బాణం గుర్తు వెలిశాయి. నాలుగు వందల పదకొండు మంది ప్రముఖుల ముందు నుంచి జనం తల తిప్పకుండా నడిచి వచ్చి ఆమెని చూసి వెళ్ళసాగారు. పక్క కాలనీ కమిటీ తమ తోటలో కూడా ఒక సామాన్యుణ్ణి చూపించాలని గాలించింది గానీ, ఏ కుటుంబమూ ఒప్పుకోలేదు.

వచ్చేపోయేవాళ్ళని చూడాలన్న ఆమె కోరిక తీరింది కానీ బాబాయికే ఇబ్బందొచ్చి పడింది. నాలుగింటికి కూర్చుని నాలుగు మాటలు చెప్పుకుందామంటే, తన చోట ఎవరో ఒకరు నిలబడి ఫొటో తీయించుకుంటున్నారు. అంతకంటే పెద్ద ముప్పు, అంత పేరున్న సమాధి పక్కన ఒక ఖాళీ ఉందని కమిటీ కంట్లో పడడం. ఆ చోటు తమకి కేటాయించాలని ఇరవై ఎనిమిది మంది పెద్దలు అడిగారు. మొదటి అర్జీ అధ్యక్షులవారిదే.

"భార్య పక్క చోటు భర్తకి కాదాండీ?" అన్నాడు బాబాయి.

"ఆమె ఇప్పుడు నీ ఒక్కడి భార్య కాదయ్యా, అందరి సామాన్యురాలు," అని బుజ్జగించారు అధ్యక్షులవారు.

అప్పుడు ఫాదర్ గారు మాట్లాడారు. ఆయన కుర్రవాడు, ఏడాదిన్నరగా కమిటీ సమావేశాల్లో వినయంగా తల ఊపడం తప్ప మరేమీ చేయలేదు. పద్ధతి ప్రకారం పోదామన్నారు. సామాన్యురాలి పక్కన సామాన్యులే ఉండాలి గనక, అర్జీదారులు ఒక ఫారం నింపాలన్నారు. పద్ధతి అనే మాట వినగానే అధ్యక్షులవారు సంతోషంగా బలపరిచారు. ఫారంలో ఉన్నది ఒకే ఒక్క గడి. "నేను ఏ రంగంలోనూ, ఏ విధంగానూ, ఎవరి దృష్టిలోనూ ప్రముఖ వ్యక్తిని కాను" అని సొంత దస్తూరీతో రాసి, సాక్షుల ఎదుట సంతకం చేయాలి. గడువు ఏడాది.

ఇరవై ఎనిమిది మందీ ఫారాలు తీసుకెళ్ళారు. అధ్యక్షులవారు మూడుసార్లు తీసుకెళ్ళారు. మొదటిసారి "నేను" అని రాసి ఆగిపోయారట. రెండోసారి "ఏ విధంగానూ" దగ్గర కలానికి మూత పెట్టేశారు. మూడో ఫారంలో "కాను" తర్వాత "అని వినయంతో చెప్పుకోవడం నా అలవాటు" అని చేర్చడంతో అది చెల్లలేదు. బాబాయి మాత్రం గేటు దగ్గర నిలబడే, వంకర అక్షరాలతో పది నిమిషాల్లో రాసిచ్చేశాడు. గడువు ముగిసేనాటికి చెల్లింది ఆ ఒక్క ఫారమే. ఇప్పుడు ఆ చోటు అతని పేరున ఖాయమైంది. నాలుగింటికి జనాన్ని కాస్త జరగమని, దర్జాగా తన చోట కూర్చుని, ఆమెకి రోజు కబుర్లన్నీ చెప్పి టీ తాగుతాడు.

ప్రజల ఉత్సాహం చూసి కమిటీ ఇటీవల ఇరవై చోట్లతో "సామాన్యుల విభాగం" ప్రారంభించింది. ఇరవయ్యీ ఖాళీగానే ఉన్నాయి. ఫారాలు గేటు దగ్గర పెట్టెలో ఉంటాయి, ఎవరైనా తీసుకోవచ్చు. మీరు అటుగా వెళితే మీరూ ఒకటి తీసుకోండి. అందులోని వాక్యం చదవగానే దానికి అచ్చంగా సరిపోయే మనిషి ఒకరు మీకు చప్పున గుర్తొస్తారు. మీ తోడల్లుడో, పక్కింటాయనో.