లండన్ చీటీ ఉన్న తోలుపెట్టె

వానలు వెలిసిన ఓ ఆదివారం పొద్దున, తన ఓడ కాగితాలకు కాస్త ఎండ చూపిద్దామనుకున్నాడు కామేశ్వరరావు. లింగంపల్లి దగ్గరి ఫ్యాక్టరీలో స్టోర్సు గుమస్తా. గోదావరిలో లాంచీ ఎక్కితేనే కళ్లు తిరిగే మనిషి. అయినా పాత ప్రయాణపు ఓడల ప్రకటన పుస్తకాలు, పెట్టెలకు అంటించే చీటీలు, భోజనాల పట్టికలు పదేళ్లుగా పోగుచేస్తున్నాడు. మొన్ననే పాత సామాన్ల అంగట్లో "బొంబాయి - లండన్" చీటీ అంటించిన తోలుపెట్టె కూడా దొరికింది.

అన్నీ వాకిట్లో చాప మీద పరిచాడో లేదో, ఇంటి యజమాని లింగమూర్తి వచ్చి ఆ చీటీని వేలితో తడిమి చూశాడు.

"ఓడల పోతున్నరా సారూ?"

అంత మర్యాదగా ఆయన పలకరించడం అదే మొదటిసారి. లేదని ఒక్క ముక్క చెబితే పోయేది. ఆ మర్యాద వదులుకోలేక కామేశ్వరరావు ఓడలో భోజనం సంగతి ఎత్తుకుని, సూపు నుంచి ఐస్‌క్రీము దాకా తొమ్మిది వడ్డనలూ తిన్నవాడిలా వర్ణించాడు.

సాయంత్రానికి పక్కింటి బుచ్చమ్మ డబ్బా నిండా సకినాలు తెచ్చింది. ఓడలో అన్నీ దొరుకుతాయట గానీ ఇవి దొరకవంది. ఆవిడ వెళ్లాక భార్య సుబ్బలక్ష్మి నెమ్మదిగా అడిగింది.

"నన్నెవరి మీద వదిలేసి వెళ్తున్నారండీ?"

ఎక్కడికీ వెళ్లడం లేదని అతను ఒట్టు పెట్టాడు. ఆవిడ చీటీ వైపు చూసి, పొయ్యి ఆర్పేసి పడుకుంది.

మర్నాటికి కబురు ఫ్యాక్టరీకీ పాకి, ఫోర్‌మన్ వీరేశం వీడ్కోలు సభ పెట్టించాడు. మెడలో బంతిపూల దండ పడింది. పన్నెండేళ్లుగా తిట్లు తప్ప ఎరగని ఆఫీసరు నోట, ఇంత నిజాయితీపరుడు మళ్లీ దొరకడన్న మాట వచ్చింది. మధ్యలో అడ్డుపడటం మర్యాద కాదని, నిజానికి ఇంకా వినాలని, కామేశ్వరరావు ఉపన్యాసం అయ్యేదాకా ఆగాడు. ఆ తర్వాత లేచి అసలు విషయం చెప్పాడు. ఆఫీసరు కాసేపు ఆలోచించి, దండ తీసేసి పనిలోకి వెళ్లమన్నాడు.

ఇల్లు చేరేసరికి గుమ్మంలో ఎవరివో మంచాలు దిగుతున్నాయి. సుబ్బలక్ష్మి గిన్నెలు గోనెలో కడుతోంది. భర్త తనను వదిలి ఎక్కడికీ పోవడం లేదని ఆవిడకు ఇప్పుడే నమ్మకం కుదిరింది, పోవలసింది ఇద్దరూనని తేలాక.

"మీరు పోతున్నరని వీళ్లకు ఇల్లిస్తనని మాటిచ్చిన సారూ. ఫికర్ చెయ్యకున్రి, ఖాజాగూడల మా బామ్మర్ది ఇల్లు ఖాళీగున్నది" అన్నాడు లింగమూర్తి.

మర్నాడే ఎడ్లబండిలో బయల్దేరారు. దారిలో నీళ్లు వచ్చిన మాట నిజమే గానీ, అది చెరువు. బండి కట్ట మీదుగా పోయింది.