కిటికీ అవతలి ఆమెన్

బెన్హర్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది గంటల బస్సెక్కి మైపాడు నుంచి తోటపల్లి గూడూరు పోవాలి, రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో ఇంటర్వ్యూకి కూర్చోవాలి, ఈసారైనా నోరు తెరవాలి. ఇంతకు ముందు నెల్లూరులో రెండు చోట్ల పిలిచారు. రెండు చోట్లా "మీ గురించి చెప్పండి" అనగానే, బీకాం ఫస్టు క్లాసులో పాసైన మనిషి తన పేరు చెప్పడానికే నీళ్లు నమిలాడు. ఇదీ పోతే చెన్నైలో ఏదో గోడౌనులో పనికి కుదరాల్సిందే. సముద్రం హోరు వినబడకపోతే నిద్రపట్టని వాడికి ఆ ఊహకే గుండె జారిపోతోంది.

కోవూరులో బ్యాంకు ఉద్యోగం చేసే అక్క డెబోరా ముందురోజే వచ్చి తర్ఫీదు ఇచ్చి వెళ్లింది. "కూర్చోమన్నాకనే కూర్చో. కళ్ళలోకి చూసి మాట్లాడు. తెలీనిది తెలీదని చెప్పు, కోతలు కొయ్యబాక. అన్నిటికన్నా ముందు, ఒక్కడివే పో. ఎవురినీ ఎంటబెట్టుకోని పోబాక."

ఆ చివరి మాట దగ్గరే కొంప మునిగింది. తల్లి రెబెక్కమ్మ అప్పటికే చర్చిలో స్త్రీల సమాజానికి చెప్పి ఉంచింది. తెల్లారేసరికి సమాజం పెద్ద ఆనందకుమారమ్మ ముందు నడవగా సమాజమంతా ముసుగులు సర్దుకుంటూ వరండాలో దిగింది. బెన్హర్‌ను మధ్యలో మోకరింపజేసి, తలమీద చేతులుంచి ప్రార్థన మొదలుపెట్టారు. ఒకరు ముగించగానే ఇంకొకరు అందుకున్నారు. ఆఖరి ఆమెన్ పడేదాకా కళ్ళు తెరవకూడదు, లేవకూడదు. వీధి చివర బస్సు హారన్ మోగింది. బెన్హర్ ఒక కన్ను తెరిచి లేవబోయాడు. తలమీది చేతుల్లో ఒకటి మెత్తగా అదిమింది. బస్సు వెళ్లిపోయింది.

"బస్సు పోయింది పిన్నమ్మా!" అన్నాడు ఏడుపు గొంతుతో.

"పోతే పోయిందిలే అబ్బయ్యా, మస్తాన్ ఆటో ఉండాది గదా," అంది ఆనందకుమారమ్మ. "నా వంతు ఇంకా కాలేదు. దారిలో చేస్తా. పదండే అందరూ!"

సగంలో ఆపిన ప్రార్థనను వదిలేసి ఇంటికి పోవడానికి ఒక్కరికీ మనసొప్పలేదు. అందరూ ఆటో ఎక్కారు. బెన్హర్‌కు మస్తాన్ పక్కన సగం సీటు దక్కింది, ఇస్త్రీ చొక్కా ఇస్త్రీ సంగతే మరిచిపోయింది. "నేను కూడా నీకోసం దువా చేస్తుండాన్లే అన్నా," అన్నాడు మస్తాన్ గుంతలు తప్పిస్తూ. గుంతలు ఎక్కువగా ఉండటం వల్ల ఆనందకుమారమ్మ ప్రార్థన దారిలోనూ తెమల్లేదు.

ఆఫీసు దగ్గర వాచ్‌మన్ ఆ గుంపును చూసి, పెద్దవాళ్లు పాపం ఎండలో ఎందుకని నీడలో ఉన్న బల్ల చూపించాడు. ఆ బల్ల సరిగ్గా మేనేజరు గది కిటికీ కింద ఉంది.

లోపల మేనేజరు హరినాథ్, ఎదురుగా నిలబడ్డ బెన్హర్ కాగితాలు తిరగేసి గొంతు సవరించుకున్నాడు. "చెరువుల మీద రోజంతా ఎండలో తిరగాల్సి ఉంటుంది."

"ఆమెన్!" అంది కిటికీ.

హరినాథ్ ఉలిక్కిపడ్డాడు. బయట ఆనందకుమారమ్మ తన వంతు పూర్తి చేసుకుంటోంది. ఆమె వాక్యం ముగిసే చోటే ఈయన వాక్యమూ ముగుస్తోంది, ఏం చేస్తాం!

"మొదటి ఆరు నెలలు సెలవులు ఉండవు."

"ఆమెన్!"

"ఎవరండీ వాళ్లు?" అన్నాడు హరినాథ్. బెన్హర్ నాలుక యథాప్రకారం అంగిలికి అతుక్కుంది. "సరే, మీ గురించైనా చెప్పండి."

ఆ నిశ్శబ్దం తల్లి చెవికి తెలుసు. కిటికీ ఊచల మధ్య రెబెక్కమ్మ ముఖం ప్రత్యక్షమైంది. "నేను వాడి అమ్మను సార్. బిడ్డకి మాట పెగలదు గానీ మనసు బంగారం సార్."

"చిన్నప్పుడు పీతను చూసి ఏడ్చేటోడు సార్, ఇప్పుడు బాగా ధైర్యం వచ్చినాది!" అంటూ ఆనందకుమారమ్మ కూడా లేచింది. ఇక తలా ఒక మాట. వాడు పుట్టినప్పటి బరువు దగ్గర్నుంచి మొన్న జ్వరంలో ఎన్ని ఇడ్లీలు తిన్నాడో దాకా అన్నీ ఒకేసారి గదిలోకి వచ్చిపడ్డాయి.

బెన్హర్‌కు చెవులు వేడెక్కాయి. కానీ కోపం రాలేదు. అంత చిన్న బతుకును వాళ్లు ఎంత గొప్పగా చెబుతున్నారో విన్నాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అమ్మా!"

కిటికీ గప్‌చుప్ అయింది.

"మీరంతా నాకోసమే వచ్చినారు, నాకు తెలుసు. నోరు రానోణ్ణని మీకు దిగులు. కాసేపు ఊరుకోండి, నా సంగతి నేనే చెప్పుకుంటా." మేనేజరు వైపు తిరిగాడు. "క్షమించండి సార్. కూర్చోవచ్చా?"

కూర్చోమన్నాక కూర్చున్నాడు. కళ్ళలోకి చూశాడు. తనది మైపాడని, కొత్తవాళ్ల ముందు మాట తొందరగా రాదని, రొయ్యల గురించి తెలిసింది కొంచెమేనని, మిగతాది నేర్చుకుంటానని చెప్పాడు. చెబుతుంటే తనకే ఆశ్చర్యం వేసింది.

హరినాథ్ నవ్వాడు. "చెరువు గట్టు మీద రైతులంతా ఒకేసారి అరుస్తారయ్యా. ఎవరి మనసూ నొప్పించకుండా వాళ్లను ఊరుకోబెట్టి మాట్లాడేవాడు పొద్దుట్నుంచీ దొరకలేదు. సోమవారం వచ్చి చేరు."

కిటికీ అవతల చిన్న చప్పుడు కూడా లేదు. రెబెక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కారే కన్నీళ్లు తుడుచుకోను కూడా భయపడుతోంది. హరినాథ్‌కు ఏదో వెలితిగా తోచింది.

"ఏందమ్మా, పలకాల్సిన చోట పలకరేంది?"

అందరూ బెన్హర్ వైపు చూశారు. వాడు నవ్వి, ఆమెన్ అనమన్నట్టు తల ఊపాడు.

ఉద్యోగంలో చేరకముందే బెన్హర్ ఇచ్చిన మొదటి పర్మిషన్ అది.