ఎంత పారేసినా పోని సంచి

జెనెక్ మంచివాడే. తాగడు, పేకాడడు, అత్తగారి పుట్టినరోజు మర్చిపోడు. ఉన్న ఇబ్బందల్లా ఒక్కటే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతడు ఒక్కసారి కూడా పొరబడలేదు. దారి తప్పితే తప్పు ఊరి పటానిది, సూపులో ఉప్పెక్కువైతే తప్పు ఉప్పుది. అలాంటి మనిషితో కాపురం ఎంత కష్టమో అతడి పెళ్ళాం తమ ఊరు లుబ్లిన్‌లో ఎవరికి చెప్పుకున్నా, "అదృష్టవంతురాలివి బొజేనా" అంటారు.

ఆ ఆదివారం పొద్దున జెనెక్ వేసిన పథకం చాలా చిన్నది. జ్యూరిక్ సరస్సు ఒడ్డున నడవాలి, అక్కడే బల్ల మీద భోంచేయాలి, సాయంత్రం బస్సెక్కి లుబ్లిన్ పోవాలి. నడకకు డబ్బులక్కర్లేదు కదా. జ్యూరిక్‌లో హోటలు గది అద్దె చూసినప్పుడు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసినవాడు జెనెక్. బొజేనా చిన్నమ్మ కూతురు అనేతా ఇక్కడ నర్సు కాబట్టి, తను సెలవుకు పోతూ ఇల్లు వీళ్ళకిచ్చింది కాబట్టి, ఈ ప్రయాణం జరిగింది. తిండి కూడా ఇంటినుంచి మోసుకొచ్చిందే. రై రొట్టె, ఉడికించిన గుడ్లు, పొగబెట్టిన చేపలు.

అనేతా చెప్పింది ఒక్కటే మాట. "అక్కా, తాళంచెవి జాగ్రత్త. అది పోయిందంటే నా ఒక్క ఇంటికే కాదు, భవనం మొత్తానికీ తాళాలు మారుస్తారు. ఆ ఖర్చంతా నా నెత్తినే. ఏడాదిపాటు జీతం మొహం చూడను."

బొజేనా ఆ మాట విన్న దగ్గర్నుంచి నిద్రలో కూడా తాళంచెవి తడుముకుంటోంది.

"చేప ముళ్ళు కంపు కొడుతున్నాయి జెనెక్. ఈ ఊళ్ళో చెత్తని నగరపాలిక అమ్మే తెల్ల సంచిలోనే వెయ్యాలట. ఇవాళ కొట్లన్నీ మూత. ఆ వంటగట్టు కింద సొరుగులో ఉన్నాయేమో చూడనా?"

"ఇల్లిచ్చిన పిల్ల సామాను కూడా వాడుకుంటామా? సిగ్గులేదూ? సొరుగు తెరవకు. అయినా చెత్త పారెయ్యడానికి డబ్బులేంటి, విడ్డూరం కాకపోతే! దారిలో ఏ డబ్బాలోనో పడేస్తా."

జెనెక్ ఇంట్లో సంచులు దాచుకోవడానికి ఒక సంచి ఉంది. అందులోంచి తెచ్చిన ఎర్ర సంచులు రెండు. ఒకదాంట్లో చెత్త, ఒకదాంట్లో భోజనం. భోజనం సంచిలోనే తాళంచెవి కూడా వేశాడు. "జేబు కొట్టేస్తారుగానీ గుడ్లెవడు కొట్టేస్తాడు?" అన్నాడు. దారి తప్పితే పరాయి దేశంలో ఫోను వాడనివ్వడని తెలిసి, బొజేనా ఇంటి చిరునామా రాసిన కాగితం కూడా అందులో పడేసింది.

వీధి డబ్బాల నోళ్ళు జెనెక్ వస్తాడని ముందే తెలిసినట్టు సన్నగా ఉన్నాయి. సంచి సగం దూరి ఆగిపోయింది. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన నిలబడి చూస్తున్నాడు. కుక్క కూడా చూస్తోంది. జెనెక్ సంచి వెనక్కి లాక్కున్నాడు.

ట్రాములో సీటు కింద వదిలి దిగారు. పది అడుగులు వేశారో లేదో వెనకాల చెప్పుల చప్పుడు. ఒకావిడ తన ట్రాము వదులుకుని మరీ పరుగెత్తుకొచ్చింది.

"మీ సంచమ్మా! మర్చిపోయారు!"

బొజేనా స్కూల్లో నేర్చుకున్న జర్మన్‌లో ధన్యవాదాలు చెప్పింది. జన్మలో ఇంత ఏడుపుమొహంతో ఆ మాట ఎప్పుడూ అనలేదు.

సరస్సు ఒడ్డున బల్ల కింద పెట్టి నడక వేగం పెంచారు. వ్యాయామానికి పరుగెత్తుతున్న కుర్రాడొకడు సంచి పట్టుకుని వాళ్ళను దాటి, ముందుకొచ్చి ఆగి, చెమటలు కక్కుతూ నవ్వాడు.

"ఈ ఊళ్ళో దొంగలే లేరా?" అన్నాడు జెనెక్ పళ్ళు నూరుతూ.

"పోనీ ఇంటికి తీసుకెళ్ళిపోదాం. దణ్ణం పెడతా."

"లుబ్లిన్‌దాకానా? బస్సులోంచి మనల్ని దింపేస్తారు."

అప్పుడే రేవులో పడవ కదలబోతోంది. జెనెక్ మొహం వెలిగింది. నీటి మీద ఎవడు పరుగెత్తి వస్తాడు? కమ్మీ మీంచి వంగి, పడవ వెనక బల్ల మీద సంచి పెట్టేశాడు.

"ఏ సంచో చూశావా?" అంది బొజేనా.

"నాకు తెలీదా?"

పడవ వెళ్ళిపోయింది. జెనెక్ చెయ్యి కూడా ఊపాడు. ఆకలి బాగా వేసింది. ఇద్దరూ బల్ల మీద చతికిలబడి, రుమాలు పరుచుకుని, సంచి విప్పారు. చేప తలకాయ ఒకటి బొజేనాకేసి చూసింది.

తాళంచెవి నీటి మీద పోతోంది. సామాను తాళం వేసిన ఇంట్లో ఉంది. సాయంత్రం బస్సు. అన్నిటికీ మించి అనేతా, పాపం, భవనం నిండా తాళాలు. పడవ తిరిగొచ్చేదాకా బొజేనా రేవులో నిలబడి వేళ్ళు విరుచుకుంది. జెనెక్ ఆ సంచి పట్టుకునే నిలబడ్డాడు. ఇప్పుడు దాన్ని పారేసే ధైర్యం కూడా లేదు.

పడవ మనిషి తల అడ్డంగా ఊపాడు. "ఎర్ర సంచా? ఎవరో పట్టుకుని దిగిపోయారమ్మా."

"అడిగావుగా దొంగ కావాలని," అంది బొజేనా. జెనెక్ పడవ వేళలదే తప్పన్నాడు, కానీ గొంతులో పస లేదు.

ఇల్లు చేరేసరికి గేటు దగ్గర కింది వాటా హ్యూర్లిమాన్ గారు నిలబడి ఉన్నారు. ఎనభై దాటిన ముసలావిడ, కర్రలా నిటారుగా. చేతిలో ఎర్ర సంచి.

"ఎవరో అమ్మాయి తెచ్చిచ్చింది. లోపల చిరునామా ఉందట, పడవ దిగి ట్రాములో వచ్చింది. తాళంచెవి ఉంది చూసుకోండి. గుడ్లు కూడా పగల్లేదు."

బొజేనా ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఆవిడ మాత్రం ముక్కు ఎగబీల్చి, జెనెక్ వీపు వెనక్కి తొంగిచూశారు.

"అదేమిటి, చేపా?"

"చెత్తండీ," అంది బొజేనా, ఇక దాచే ఓపిక లేక.

"పొద్దున్నుంచీ దాన్ని ఊరంతా తిప్పారా? గట్టు కింద సొరుగులో అనేతా మీకోసం తెల్ల సంచులు ఒక కట్ట కొనిపెట్టిందే! మీరు మొహమాటపడతారు, గుర్తుచెయ్యమని నాకు చెప్పి మరీ వెళ్ళింది. తలుపు కొడదామంటే పొద్దున్నే వెళ్ళిపోయారు."

బొజేనా ఆ మాటలన్నీ ఒక్కటి పోకుండా జర్మన్ రాని మొగుడికి తమ భాషలో చెప్పింది. సొరుగు అన్న మాట రెండుసార్లు చెప్పింది.

జెనెక్ సంచికేసి చూశాడు, గేటుకేసి చూశాడు, ఆకాశంకేసి చూశాడు. తప్పు మోయడానికి ఎవరూ దొరకలేదు.

"తప్పు నాదే," అన్నాడు.

"ఏమంటున్నాడు?" అడిగారు హ్యూర్లిమాన్ గారు.

బొజేనా చెవులకు ఏ లోపమూ లేదు. అయినా మొగుడి వైపు తిరిగి, "సరిగ్గా వినపళ్ళేదు జెనెక్," అంది. "ఇంకోసారి చెప్పు."