నోరా క్లెగ్ ఉత్థానపర్వం

మేఘకంబళావృతమై, తుంపరవానలనే ముత్యాలహారాలుగా ధరించి, ఎండ మొహం కనబడితే పండగ చేసుకునే ఇంగ్లండు ఉత్తరదేశమందు, బర్న్‌లీ పట్టణపు పొలిమేరలో, పాతకాలువ గట్టునానుకుని, మున్సిపాలిటీ వారు ఏటేటా అద్దెకిచ్చే నలభై తోటమళ్ళనే మహాక్షేత్రమందు, జూన్ మాసపు తొలి శనివారం, ఉదయం తొమ్మిదిన్నర అనే ఘోరముహూర్తాన, నోరా క్లెగ్ మోకాళ్ళ మీద ఉంది.

కూలబడిందనుకునేరు, కాదు. లీక్ నారు నాటడానికి తనంతట తానే దిగింది. ఉల్లికాడకు పెద్దక్కలాంటి మొక్క అది. కర్రతో బొక్క పొడవాలి, నారు అందులోకి జారవిడవాలి, చెంబుడు నీళ్ళు పొయ్యాలి, మన్ను మాత్రం కప్పకూడదు. పదకొండు నాటింది. ఇక చాలు, లేద్దామనుకుంది. మనసు లేచింది. మోకాళ్ళు లేవలేదు.

ఎనభైమూడేళ్ళ ఆ నత్తకులకాలాంతకి, ఆ కలుపువనదావానలజ్వాల, ఆ రబ్బరుబూట్ల రణధీర, దేన్ని ఊతగా పట్టుకుంటే లేవగలదో ఆ పార రెండు బారల దూరాన, బంగాళదుంపల మడిలో, సేన లేని ధ్వజంలా నిటారుగా నిలబడి ఉంది. అక్కడ గుచ్చి వచ్చింది తనే. ఎవర్నని ఏం లాభం!

పది గంటలకి తనిఖీ. తోటల సంఘం కార్యదర్శి సిరిల్ హార్‌గ్రీవ్స్ వస్తాడు. ఓపిక తగ్గిన ముసలివాళ్ళ దగ్గర సగం మడి కోసి, వరసలో కాచుక్కూచున్న కొత్తవాళ్ళకివ్వడం ఆ సంఘం ఆనవాయితీ. నిరుడు పక్కమడి ఐవీది కేకు కోసినట్టు కోశారు. నోరా మడి కోస్తే పోయేది కిందిసగం. కిందిసగంలో రాస్ప్‌బెర్రీ పొదలున్నాయి. పొదల కింద మొగుడు విల్ఫ్ ఉన్నాడు, బూడిదై. బతికుండగా ఒక్క పూట కలుపు తియ్యని మనిషి, పోయాక ఏడేళ్ళుగా పళ్ళకి బలమిస్తున్నాడు. ఇప్పుడిప్పుడే పనికొస్తున్న మొగుణ్ణి తీసుకెళ్ళి ఎవరి చేతుల్లోనో పెట్టడమా?

కంచె మీంచి ఐవీ తల పొడిచింది.

"ఏమే నోరా, ప్రార్థనా?"

"ప్రార్థనా లేదు, పాడూ లేదు. లేవలేకపోతున్నాను. అరవకు."

"నేనొచ్చి లేపనా?"

"నీ తుంటికి మొన్ననేగా కొత్త ఎముకేశారు! నువ్వొస్తే ఇద్దరం బోర్లా పడతాం. అప్పుడు వాడు మనిద్దరికీ కలిపి ఒక్క మడి ఇస్తాడు."

ఐవీ ఎంత నవ్విందంటే, కాలువలో బాతులు రెండు ఎగిరిపోయాయి.

అంతట ఆ వృద్ధసింహి తన జానుద్వయాన్ని ఉద్దేశించి ఇట్లు గర్జించింది: "ఓ మోకాళ్ళారా! పసితనంలో నన్ను గోడలు దూకించిన మీరే, పడుచుతనంలో తెల్లవార్లూ నాట్యమాడించిన మీరే, శత్రువు గుమ్మంలోకి రాబోయే వేళ నన్ను మట్టికి అప్పగింతురా? లేవరా? సరే. లేవకుండానే నడిచెదను గాక!"

నడిచింది. మోకాళ్ళ మీదే. ఒక బొక్క, ఒక నారు, ఒక చెంబు. ఒక జానెడు ముందుకు. మళ్ళీ ఒక బొక్క. ఒట్టి పాకుడైతే చూసినవాళ్ళకి అనుమానం వస్తుంది గానీ, నాటుకుంటూ పోతే ఎవరేమనగలరు? లీక్ వరస తిన్నగా పోవడం మాని, పార వైపు తిరిగి, క్యాబేజీల్ని చుట్టి, నీళ్ళడబ్బాని తప్పుకుని వంకరలు పోయింది. పారకి ఇంకా బారెడు దూరం ఉందనగా గేటు కిర్రుమంది.

వచ్చాడు సిరిల్. డెబ్బైఏడేళ్ళవాడు, సరళరేఖా పరమభక్తుడు, ఖల్వాటశిఖరశోభితుడు. జేబులో కొలతతాడు, చేతిలో కాగితం.

"పొద్దున్నే మోకాళ్ళ మీదున్నావేం, నోరా తల్లీ?"

"నీ దర్శనం కోసం, నాయనా."

"అదేంటి, వరస అలా పాకింది? తాగినవాడు నడిచినట్టుంది!"

"లీకులు తిన్నగానే పెరుగుతాయిలే. నువ్వెళ్ళు."

వెళ్తే సిరిల్ ఎందుకవుతాడు? ముప్ఫైఏళ్ళుగా ఆ తోటల్లో తాడు పట్టని వరస లేదు. గుండె తరుక్కుపోయి, తాడు తీసి, ఆమెకెదురుగా తనూ వంగి మోకాళ్ళ మీద దిగాడు. టప్, టప్ అని రెండు ఫిరంగులు పేలాయి. తాడు పరిచాడు. కొలిచాడు. లేవబోయాడు.

ఆగాడు.

"ఏం సిరిల్, లేవవేం?"

"లేస్తాను. కాస్త... మన్ను చూస్తున్నా."

"చూడు, చూడు. మంచి మన్ను."

ఇద్దరూ ముక్కుకి ముక్కు ఆనేంత దగ్గరలో, క్యాబేజీల సాక్షిగా, ఒకరి కళ్ళలో ఒకరు నిజం చదువుకున్నారు. అప్పుడు నోరా, క్షీరసముద్రమథన సమయాన మందరగిరి ఆదికూర్మాన్ని ఆనుకున్నట్టు, కుడిచేతిని అతని బట్టతల మీదా ఎడమచేతిని అతని భుజం మీదా మోపి, దంతాలు బిగకరిచి (సొంతవి నాలుగే ఉన్నాయి, నాలుగూ బిగకరిచి), ముందు ఒక పాదం, తర్వాత నడుము, ఆ తర్వాత బోలెడన్ని మూలుగులు, వాటి వెనకాల రెండో పాదం, ఇలా అంచెలంచెలుగా ఆకాశం వైపు బయల్దేరింది.

"మెల్లిగా! నా మెడ!" అన్నాడు సిరిల్.

"కదిలావో, నీ మీదే పడతా."

కదల్లేదు, పాపం. ఆమె పైకి చేరాక, కిందనుంచి చెయ్యి చాచాడు.

"నోరా, చెయ్యివ్వు."

"ముందు ఆ కాగితంలో ఏం రాశావో చెప్పు."

"సగం తీసుకుందామని... నీ మంచికేనమ్మా, వయసు..."

"లేవలేనివాళ్ళ మళ్ళు కోసేట్టయితే నీది ఎక్కణ్ణించి కోద్దాం? గులాబీల వైపా, గుడిసె వైపా?"

"టొమాటోల వైపు! నాకు టొమాటోలే కావాలి!" అని కంచె మీంచి ఐవీ.

సిరిల్ మోకాళ్ళ మీదే ఉండి, కాగితంలో 'సగం' కొట్టేసి 'మొత్తం నోరాకే' అని రాసి, సంతకం చేశాడు.

దశదిశలూ ఆలకించుగాక! ఆ శనివారం పది గంటల పదమూడు నిమిషాలకి కోటలు కూలలేదు, రాజ్యాలు మారలేదు. నాలుగడుగుల పదంగుళాల నోరా క్లెగ్, తన మడిలో, తన రెండు కాళ్ళ మీద, పూర్తిగా నిలబడింది. సిరిల్‌ని లేపే సంగతి, టీ తాగాక చూద్దామంది.